పాత బ్యాటరీ యెవరి భారము?

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునందు కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఇట్టి సభలో బ్యాటరీ బండ్ల ప్రస్తావన యేమని కొందఱు విస్తుపోవచ్చును. కాని గ్రంథాలయము మొట్టమొదట నేర్పు ధర్మమే యీ ప్రసంగమునకు మూలము. పుస్తకము తీసికొనిపోవువాడు ధరావతు చెల్లించును. పుస్తకము తిరిగి యిచ్చి చందా మానుకొన్ననాడు ఆ ధరావతు అతనికి చేరును. ఇచ్చిన వస్తువు తిరిగి రావలెను. తిరిగి తెచ్చినవానికి నష్టము కలుగరాదు. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము వంటి పెద్ద గ్రంథాలయమైనను, నిన్న మొన్న పుట్టిన పల్లెటూరి పుస్తకశాలయైనను ఇచ్చిపుచ్చుకొనుటలోని యీ నమ్మకము లేనిదే నిలువదు. ఆ నమ్మకమే నేడు విద్యుత్తుతో నడచు వాహనముల భవిష్యత్తును గూడ నిర్ణయించుచున్నది.

పూర్వపు ఉమ్మడి గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో ప్రత్తియు మిరపయు ప్రధానమైన పంటలు. చిలకలూరిపేట, నరసరావుపేట, పరుచూరు, ఇంకొల్లు ప్రాంతములలో మోటారు సైకిలు లేని రైతు ఇల్లు అరుదు. చేనికి మందు డబ్బాలు చేర్చవలెనన్నను, యార్డుకు పోయి మిరప ధర విచారింపవలెనన్నను బండి కావలెను. కాయకోతకు కూలీలను పొలము గట్టునకు చేర్చునది ఆటో. పెట్రోలు ధర పెరిగినకొలది యీ సంసారములన్నిటి ఖర్చు పెరుగుచున్నది. రెండు లీటర్ల పెట్రోలు చేయు పనిని, స్కూటరు విషయమున, నాలుగు యూనిట్ల విద్యుత్తు చేయును. ఈ లెక్క రచ్చబండ దగ్గఱ కూర్చున్న ప్రతివానికి తెలియును. అయినను కరెంటు బండి మాట వచ్చినంతనే ఒక ప్రశ్న పుట్టుచున్నది: "అంతా బాగానే ఉంది, బ్యాటరీ పోతే?"

ఈ ప్రశ్న అజ్ఞానము వలన పుట్టినది కాదు. జాగ్రత్త గల సంసారి అడుగదగిన ప్రశ్నయే యిది. ఆదాయవ్యయముల వరుసలెంత చక్కగా వ్రాసినను, ఆఖరి పంక్తిలో నిలువ తేలనిదే ఖాతా ముగియదు. విద్యుద్వాహనపు ఖాతాలో కొన్న ధర తెలియును, నెలవారీ ఖర్చు తెలియును. ఆఖరి పంక్తి మాత్రము ఖాళీగా ఉన్నది. బండి ధరలో ఇంచుమించు మూడవ వంతు బ్యాటరీదే. కొన్ని బండ్లకు అంతకంటె హెచ్చు. ఏడెనిమిది సంవత్సరములకు దాని సత్తువ తగ్గును. ఆనాడు దానిని ఎవరికి ఇయ్యవలెను? వారు ఏమైన ఇత్తురా, లేక తీసికొనిపోవుటకు ఎదురు అడుగుదురా? ఈ పంక్తి నిండనంత కాలము రైతు చేయి సంచిలోనికి పోవుటకు జంకును.

పల్లెటూళ్లలో ఇత్తడి బిందె కొనువారెవ్వరు సంశయింపరు. బిందె చిల్లిపడినను తూకమునకు విలువ ఉన్నది. తరుగు తీసి, మజూరీ వేసి, పాతదానికి కొత్తది మార్చుకొనవచ్చును. బంగారమును గూర్చి చెప్పనే అక్కఱలేదు. పాతదానికి విలువ ఉండుటయే కొత్తదానిని కొనుటకు ధైర్యము. ప్లాస్టిక్ బిందె చౌక. కాని పగిలిననాడు పెంటపాలు. విద్యుద్వాహనపు బ్యాటరీ ఇత్తడి బిందె వంటిది కాగలదా, ప్లాస్టిక్ బిందె వంటిదే యగునా అనునది దాని లోపలి లోహములు మాత్రమే నిర్ణయించు విషయము కాదు. చట్టము కూడ నిర్ణయించును.

దీనికి నిదర్శనము ప్రతి మిరప రైతు ఇంటిలోను కలదు. మందు కొట్టు బ్యాటరీ స్ప్రేయరులో ఉండునది సాధారణముగ 12 వోల్టుల సీసపు బ్యాటరీ. ట్రాక్టరునందును, ఇన్వర్టరునందును ఆ జాతిదే పెద్ద బ్యాటరీ. అది చెడిననాడు దానిని ఎవరును కాలువలో పాఱవేయరు. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకొని, ధరలో తగ్గింపు పొందుదురు. ఈ అలవాటునకు కారణములు రెండు. మొదటిది, సీసము కరగించి మఱల మఱల వాడదగిన లోహము, దానికి ఎప్పుడును గిరాకి ఉన్నది. రెండవది, 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వము చేసిన బ్యాటరీల నిబంధనలు. సీసపు బ్యాటరీ అమ్ము వర్తకుడు పాతదానిని తిరిగి తీసికొనవలెననియు, తెచ్చి యిచ్చినవానికి తగిన తగ్గింపు ఇయ్యవలెననియు ఆ నిబంధనలు శాసించినవి. ఆనాటి చట్టము కొనుగోలుదారుని చేతిలో కొంత రొక్కము పెట్టినది. అందుచేతనే స్ప్రేయరు కొను రైతు బ్యాటరీ అంత్యకాలమును గూర్చి బెంగపెట్టుకొనడు.

అయితే ఈ కథకు ఒక చీకటి ముఖము కూడ ఉన్నది. తిరిగి వచ్చిన బ్యాటరీలన్నియు శుద్ధమైన కర్మాగారములకే చేరుటలేదు. కొన్నిటిని ఊరి వెలుపల పగులగొట్టి, ఆమ్లమును నేలపై పాఱబోసి, సీసమును బహిరంగముగ కరగింతురు. ఆ పొగ పీల్చిన పసిపిల్లల బుద్ధివికాసము దెబ్బతినును. ప్రపంచములో మూడింట ఒక వంతు పిల్లల రక్తములో, అనగా దాదాపు 80 కోట్ల మంది పిల్లలలో, హానికరమైన మోతాదున సీసము ఉన్నదని ఐక్యరాజ్యసమితి బాలల నిధి 2020లో వెల్లడించినది. దానికి గల ముఖ్య కారణములలో పాత బ్యాటరీల అక్రమ కరగింపు ఒకటి. కాబట్టి పాతది తిరిగి పోయినంత మాత్రమున చాలదు, పోవలసిన చోటికి పోవలెను.

ఇక లిథియం బ్యాటరీ సంగతి. నేటి స్కూటర్లలోను, కార్లలోను, పొలాలపై మందు చల్లు డ్రోనులలోను ఉన్నది యీ జాతియే. దీని ప్రకృతి వేఱు. ఇందులో లిథియముతో పాటు కొన్నిటిలో నికెలు, కోబాల్టు, మాంగనీసు ఉండును. మఱికొన్నిటిలో ఇనుము, ఫాస్ఫేటు ఉండును. రెండవ రకము వేడికి ఓర్చును, చిరకాలము మన్నును, చౌక. కొనువానికి అదియే మేలు. కాని అందు నికెలు, కోబాల్టు లేవు గనుక పాత సామానుగా దాని విలువ స్వల్పము. ఏ బ్యాటరీ బ్రతికినన్నాళ్లు మేలో, అది చచ్చిన పిమ్మట ఎవరికిని అక్కఱలేనిదగు ప్రమాదమున్నది. సీసమును అంగడియే వెదకికొని వచ్చును. ఇనుము ఫాస్ఫేటు బ్యాటరీని అంగడి తనంతట తాను అంతగా వెదకదు. కావుననే ఇచట చట్టము అవసరము.

లిథియం బ్యాటరీని గూర్చిన భయము తెలుగువారికి ఊహామాత్రము కాదు. 2022 ఏప్రిల్ నెలలో వారము దినముల వ్యవధిలో నిజామాబాదునందును, విజయవాడయందును ఇండ్లలో స్కూటరు బ్యాటరీలు ప్రేలి ఇద్దఱు మరణించిరి. విజయవాడ గుంటూరునకు ఎంతో దూరము కాదు. ఆ వార్త పల్లెపల్లెకు ప్రాకినది. ప్రభుత్వము ఏఐఎస్-156 అను భద్రతా ప్రమాణమును కఠినతరము చేసి, 2022 డిసెంబరు నుండి ఒక దశ, 2023 మార్చి ఆఖరు నుండి రెండవ దశ అమలులో పెట్టినది. దేశములో 2022-23 సంవత్సరమున 7 లక్షలకు పైగా విద్యుత్ ద్విచక్రవాహనములు అమ్ముడుపోగా, 2024-25లో 11 లక్షలు దాటినవి. దీనికి రాయితీలు, పెట్రోలు ధర, కొత్త నమూనాలు మున్నగు కారణములు పెక్కు కలవు. భయము కొంత తగ్గుటయు అందొకటి యని తలచుట అసంగతము కాదు. బ్యాటరీ పుట్టుకను గూర్చిన నియమము ప్రాణభయమును తగ్గించును. దాని అంత్యమును గూర్చిన నియమము ధనభయమును తగ్గింపవలెను.

ఇంతవఱకు ప్రభుత్వములు చేసిన సాయమంతయు ప్రవేశద్వారము దగ్గఱనే జరిగినది. కేంద్రము 2019 నుండి 2024 వఱకు ఫేమ్ రెండవ విడత పథకము క్రింద రాయితీలిచ్చినది. 2024 అక్టోబరున పీఎం ఇ-డ్రైవ్ పథకమును ప్రారంభించినది. విద్యుద్వాహనములపై జీయస్టీని 2019లో 12 నుండి 5 శాతమునకు తగ్గించిరి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరున, 2026 డిసెంబరు ఆఖరు వఱకు వర్తించునట్లు, రోడ్డు పన్నును రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. ఇవన్నియు మంచివే. కాని అభిమన్యునికి పద్మవ్యూహము ప్రవేశించు విద్య తెలియును, వెలికి వచ్చు విద్య తెలియదు. వాని శౌర్యమునకు లోపము లేదు. వానికి లోపించినది నిర్గమ మార్గము. రాయితీ చూచి బండి కొని, పాత బ్యాటరీతో నట్టింట చిక్కుకొను కొనుగోలుదారుని స్థితియు అట్టిదే. ఒక్కడు అటుల చిక్కుకొన్నచో, చూచిన పదుగురు వ్యూహము దరికి రారు.

ఆ నిర్గమ మార్గమును వేయుటకు చేసిన యత్నమే 2022 ఆగస్టున కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నిబంధనలు. ఇవి 2001 నాటి నిబంధనల స్థానమున వచ్చినవి. పూర్వపు చట్టము సీసపు బ్యాటరీలకే పరిమితము కాగా, ఇది అన్ని జాతులకును వర్తించును. బ్యాటరీని తయారుచేసి గాని దిగుమతిచేసి గాని అమ్మినవాడే, అది పాడైన పిమ్మట తిరిగి సేకరించి శుద్ధిచేయించుటకు బాధ్యుడు. పాతుట, కాల్చుట నిషిద్ధము. విద్యుద్వాహనపు బ్యాటరీ నుండి 2024-25లో 70 శాతము, 2025-26లో 80 శాతము, 2026-27 నుండి 90 శాతము పదార్థములను తిరిగి రాబట్టవలెను. అంతియే కాదు, కొత్త విద్యుద్వాహన బ్యాటరీలలో 2027-28 నుండి 5 శాతము, క్రమముగ పెంచి 2030-31 నాటికి 20 శాతము, పాతవాని నుండి తీసిన సామగ్రియే ఉండవలెను. ఈ చివరి నియమము చాల విలువైనది. పాతదానికి గిరాకిని పుట్టించునది ఇదియే.

క్షీరసాగర మథనమున అమృతమునకు ముందు హాలాహలము పుట్టినది. అమృతమునకై అందఱును చేయి చాచిరి; విషమును ఎవరు మ్రింగవలెనన్నప్పుడు శివుడొక్కడే ముందుకు వచ్చినాడు. కొత్త యంత్రమేది వచ్చినను ఈ ప్రశ్న తప్పదు. లాభము తయారుదారునకు, సుఖము వాడుకదారునకు. విషము ఊరి చెరువునకా? 2022 నిబంధనలు ఈ ప్రశ్నకు సూటిగ సమాధానము చెప్పినవి: అమ్మినవాడే భరింపవలెను.

దీనిపై ఒక ఆక్షేపణ కలదు. తయారుదారుడు ఆ ఖర్చును బండి ధరలోనే కలిపి మఱల కొనువాని నెత్తిననే వేయడా యని అడుగుదురు. కొంత వేయును, సందేహము లేదు. అయితే తెలిసిన ఖర్చు వేఱు, తెలియని నష్టము వేఱు. విత్తనము కొనునాడే ధర హెచ్చని తెలిసిన రైతు తట్టుకొనగలడు. కోతనాడు ధర పడిపోయినచో తట్టుకొనలేడు. పైగా శుద్ధి వలన ఖర్చే గాక రాబడియు కలదు. హైదరాబాదులోని సి-మెట్ పరిశోధన సంస్థయందు రూపొందిన విధానమున పాత లిథియం బ్యాటరీల నుండి లిథియం, కోబాల్టు, నికెలు, మాంగనీసులను 95 శాతమునకు పైగా రాబట్టవచ్చును. ఆ విధానమును 2023లో తొమ్మిది సంస్థలకు అందజేసిరి. కీలక ఖనిజములను పాత సామాను నుండి తీయు పరిశ్రమలకై కేంద్ర మంత్రివర్గము 2025 సెప్టెంబరున 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును ఆమోదించినది. తిరుపతి సమీపమున సీసపు బ్యాటరీలు చేయుచు ఎదిగిన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గఱి దివిటిపల్లిలో తలపెట్టిన లిథియం బ్యాటరీల కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. లిథియమునకు విదేశములపై ఆధారపడిన దేశమునకు ప్రతి పాత బ్యాటరీయు ఒక చిన్న గని.

ఇంత చెప్పిన పిమ్మట లోపమును గూడ చెప్పుట ధర్మము. 2001 నిబంధనలు పాతది తెచ్చినవానికి తగ్గింపు ఇయ్యవలెనని వర్తకుని శాసించినవి. 2022 నిబంధనలు బాధ్యతను తయారుదారునిపై మోపినవి; పాతది తిరిగి కొనుటకు గాని, ధరావతు తీసికొని తిరిగి చెల్లించుటకు గాని పథకములు పెట్టుకొనవచ్చునన్నవి. "పెట్టవచ్చును" అనుటకును "పెట్టవలెను" అనుటకును ఎంతో భేదము కలదు. తయారుదారుడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి లెక్క ఒప్పజెప్పును గాని, ఇంకొల్లు రైతు చేతికి ఇంత రొక్కము వచ్చునని ఆ లెక్కలో లేదు. ఖాతాలోని ఆఖరి పంక్తి ఇంకను ఖాళీయే.

ఆ ఖాళీ వలన నష్టపోవువాడెవడో చూడవలెను. కొత్త బండి కొనువాడు సాధారణముగ కలిగినవాడు. నాలుగైదేండ్లు వాడి అమ్మివేయును. దానిని కొనువాడు చిన్న రైతు. మఱి రెండేండ్లకు అది కూలివాని చేతికి చేరును. పెట్రోలు బండియైనచో ఊరి మెకానికు దానిని ఎటులో నడిపించును. విద్యుద్వాహనము విషయమున, సరిగా ఆ కూలివాని చేతిలో ఉన్నప్పుడే బ్యాటరీ ముగియును. తిరిగి ఇచ్చుచోటు లేనిచో, విలువ లేనిచో, వరుసలో ఆఖరున నిలిచిన బీదవాడే మొత్తము నష్టమును మోయవలెను. లేదా దానిని పాత ఇనుప సామాను వానికి అమ్మును, అతడు సుత్తితో పగులగొట్టును, నిప్పు పుట్టును. బ్యాటరీ చట్టము ధనికుని సౌకర్యమునకై కాదు, ఈ ఆఖరివాని రక్షణకై కావలెను. అతనికి రక్షణ ఉన్నదని తెలిసిననాడు రెండవవాడు ధైర్యముగ కొనును. రెండవవాడు కొనునని తెలిసిననాడు మొదటివాడు కొనును.

అప్పు ఇచ్చువారి మనస్సును ఇట్టిదే. పాత బండికి ఏ ధర పలుకునో తెలియకపోవుట వలన విద్యుద్వాహనములకు ఋణములు దొరకుట కష్టమగుచున్నదని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలో పేర్కొన్నది. ఆటో కొని కుటుంబమును పోషింపదలచినవానికి వడ్డీయే ప్రధానము. పాత బ్యాటరీకి నికరమైన విలువ ఏర్పడిననాడు తాకట్టునకు బలము వచ్చును.

బ్యాటరీని కొనువాని నెత్తిన పెట్టని మార్గములు కూడ కలవు. బ్యాటరీ లేకుండ బండిని అమ్మి రిజిస్టరు చేయుటకు 2020 ఆగస్టున కేంద్రము అనుమతించినది. అట్టి పద్ధతిలో బ్యాటరీని అద్దెకు తీసికొనవచ్చును. తిరుమల కొండపై 2022 సెప్టెంబరు నుండి నడచు విద్యుత్ బస్సులను సమకూర్చి నడుపునది ఒక సంస్థ. ఆర్టీసీ కిలోమీటరు లెక్కన చెల్లించును. కొండ యెక్కు భక్తులలో బ్యాటరీని గూర్చి బెంగపడువాడొక్కడును లేడు. భారము మోయగలవాని భుజమున పెట్టినచో కొత్త వాహనము ఎంత సులభముగ జనులలో కలియునో దీనివలన తెలియును. 2023 జూన్ నెలలో తాడేపల్లి నుండి చిన్న పురపాలక సంఘములకు చెత్త సేకరణకై 516 విద్యుత్ ఆటోలను పంపిరి. చెత్త మోయు ఆ బండ్ల బ్యాటరీలే చెత్తగా మాఱకముందు, వాని గతిని గూర్చి ఆ సంఘములు ఇప్పుడే యోచింపవలెను.

ఐరోపా దేశముల కూటమి 2023లో చేసిన బ్యాటరీ చట్టమునందు గమనింపదగిన అంశమొకటి కలదు. 2027 ఫిబ్రవరి 18 నుండి అచట విద్యుద్వాహనముల బ్యాటరీ ప్రతిదానికి ఒక పత్రము ఉండవలెను. దాని పుట్టుక, అందలి పదార్థములు, సత్తువ మున్నగునవి అందు నమోదగును. ఒక విధముగ అది బ్యాటరీ జాతకము. జాతకము చేతనున్నచో సెకండ్ హ్యాండు బండి కొనువాడు మోసపోడు. వాహనమునకు చాలని బ్యాటరీయైనను, సత్తువ ఏడెనిమిది పాళ్లు మిగిలియున్నచో, సౌరవిద్యుత్తును నిలువచేయుట వంటి తేలిక పనులకు నిపుణుల చేత మలచుకొనవచ్చును. ఇచటి పల్లెలకు గూడ ఇట్టి యేర్పాటు మేలు చేయును.

చట్టము ఢిల్లీలో పుట్టినను, దానికి ప్రాణము పోయునది గ్రామమే. బండి కొనబోవువారు అంగడివానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. బ్యాటరీ హామీ ఎన్ని సంవత్సరములు, బండి చేతులు మాఱినను అది చెల్లునా? పాడైన బ్యాటరీని తిరిగి ఇయ్యవలసిన చోటు ఎచట? ఇచ్చినచో వచ్చునదెంత? జవాబులను బిల్లుపై వ్రాయించుకొనవలెను. పదుగురు అడిగిన ప్రశ్నకు అంగడివాడు జవాబు వెదకును. నూఱుగురు అడిగినచో తయారుదారుడు వెదకును. చెత్తబుట్టపై అడ్డగీతలు గల గుర్తు బ్యాటరీపై ఉండును. ఇంటి చెత్తలో కలుపరాదని దాని యర్థము. అటుల వేఱుపఱచి సేకరించువారికి అప్పగించుట వాడుకదారుని విధి యని 2022 నిబంధనలే చెప్పుచున్నవి. ఉబ్బిన, పగిలిన బ్యాటరీని ఇంట ఉంచరాదు, పిల్లలను దరికి పోనీయరాదు, ఎవరిచేతను విప్పింపరాదు.

ఈ కార్యమున గ్రంథాలయమునకును పాత్ర కలదు. నిబంధనల సారాంశమును తేటతెలుగున వ్రాయించి పఠన మందిరపు గోడపై ఉంచవచ్చును. సమీపమున పాత బ్యాటరీలను తీసికొను అనుమతి పొందిన సంస్థల వివరములను కాలుష్య నియంత్రణ మండలి నుండి తెప్పించి చందాదారులకు అందింపవచ్చును. పాతది తెచ్చినవానికి తగ్గింపు ఇయ్యవలెనను 2001 నాటి నియమమును లిథియం బ్యాటరీలకు గూడ వర్తింపజేయుడని ప్రభుత్వమునకు విన్నపము పంపవచ్చును. పుస్తకము చదివి తిరిగి ఇచ్చు అలవాటును ఇరువదియైదు సంవత్సరములుగ గ్రామమునకు నేర్పిన సంస్థకు ఇది చేతకాని పని కాదు.

ఆఖరి కొనుగోలుదారునకు న్యాయము జరిగిననాడు, రచ్చబండ దగ్గఱ పుట్టిన ప్రశ్నకు జవాబు దొరకును. అంతవఱకు ఆ ప్రశ్నను మానక అడుగుచుండుటయే గ్రామస్థుల కర్తవ్యము.